బాపు ఆపరేషన్, అమ్మ చాట

2024 జనవరిలో ఓ అర్ధరాత్రి బాపుకు ఛాతీలో నొప్పి లేచింది. 108లో జగిత్యాల ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్తే ఈసీజీ తీసి, ఇంజెక్షన్ ఇచ్చి, కరీంనగర్ వెళ్లమన్నారు. తెల్లారేసరికి అక్కడ ఓ ప్రైవేటు ఆసుపత్రిలో ఉన్నాం.

యాంజియోగ్రామ్‌కు పదిహేను వేలు కట్టమన్నారు. ఆరోగ్యశ్రీ ఉంది కదా అంటే, "పరీక్షకు వర్తించదు, ఆపరేషన్ పడితే అప్పుడు చూద్దాం" అన్నారు. ఆ టెన్షన్‌లో వాదించే ఓపిక ఎవరికుంటుంది? బావ ఫోన్‌పే చేశాడు. రసీదు మాత్రం నేను అడిగి తీసుకున్నా.

మూడు చోట్ల బ్లాకులు, బైపాస్ చేయాలన్నారు. సొంతంగా కడితే మూడు లక్షల దాకా అవుతుందట. బాపు మంచం మీద నుంచే, "ఇరవై గుంటలు అమ్మెయ్ బిడ్డా. నలభై ఏళ్లు బీడీలు తాగింది నేను. చేజేతులా తెచ్చుకున్న రోగానికి మంది సొమ్మెందుకు?" అన్నాడు. బావదీ దాదాపు అదే మాట. బీమా మనమే ముందుగా కట్టుకోవాల్సింది అని.

నాకు అమ్మ చాట కళ్ల ముందు మెదిలింది. ఒళ్లో చాట, అందులో కత్తిరించిన తునికాకు, ఓ పక్కన తంబాకు. ఆకు చుట్టి, దారం కట్టి, కొసలు మడిచేది. వేళ్ల కొసలు ఎప్పుడూ గోధుమ రంగులోనే ఉండేవి. ఆ కూలి డబ్బులతోనే నేను డిగ్రీ చదివాను. ఇంటి నిండా తంబాకు ఉన్న చోట బాపు బీడీ అలవాటును ఆయన ఒక్కడి తప్పుగా ఎలా లెక్కకట్టాలి? పైగా 2017 నుంచి ప్రతి బీడీ కట్ట మీదా 28 శాతం జీఎస్టీ కట్టాడు. "ఆ సొమ్ములో నీదీ ఉంది బాపూ, భూమి జోలికి పోను" అన్నా. ఆయన ఇంకేం మాట్లాడలేదు.

తొమ్మిదింటికి ఆరోగ్యమిత్ర, అంటే ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ పనులు చూసే మనిషి, వచ్చాడు. ఆహార భద్రత కార్డులో బాపు పేరు ఒకలా, ఆధార్‌లో ఇంకోలా ఉంది. ఇద్దరూ ఒకరే అని రాయించుకుని, యాంజియో రిపోర్టు, ఫొటో జతచేసి ఆరోగ్యశ్రీ ట్రస్టుకు పంపాడు. మర్నాడు సాయంత్రానికి అనుమతి వచ్చింది. అంతకుముందు నెలలోనే పథకం పరిమితిని 5 లక్షల నుంచి 10 లక్షలకు పెంచారు. ఆపరేషన్‌కు మా చేతి నుంచి రూపాయి పోలేదు.

యాంజియో డబ్బులే మిగిలాయి. రసీదు చూపించి అడిగితే రేపు, ఎల్లుండి అన్నారు. ఆరోగ్యశ్రీ హెల్ప్‌లైన్ 104కు ఫోన్ చేసి ఫిర్యాదు రాయించా. డిశ్చార్జికి ముందు రోజు తిరిగిచ్చారు. ఈ అనుభవం రాస్తున్నది ముఖ్యంగా దీని కోసమే. కార్డు ఉండీ డబ్బు కట్టాల్సి వస్తే రసీదు వదలకండి, 104కు చెప్పండి.

మా వంతు ఖర్చు లేకపోలేదు. పన్నెండు రోజుల గది అద్దె, తిండి, పోయిన కూలి, ఇప్పుడు నెలనెలా బీపీ, షుగర్ మాత్రలు. బాపు వంతు ఆయన చేస్తున్నాడు. ఆపరేషన్ అయిన రోజు నుంచి బీడీ ముట్టలేదు. పొద్దున్నే చెరువు కట్ట దాకా నడిచొస్తాడు.

అమ్మ ఇంకా బీడీలు చుడుతూనే ఉంది. మా ఊళ్లో ఆమె వయసు ఆడవాళ్లకు ఇంకో పని లేదు. ఆమె చాట ముందేసుకోగానే బాపు కుర్చీ తీసుకుని వేపచెట్టు కిందికి వెళ్లిపోతాడు.