మా చిట్టి అయిదు వారాలు తిండి మానేసింది: పిల్ల టరాంటులాతో నా అనుభవం

మాది గుత్తి. ఇప్పుడు టెక్సస్‌లో డాలస్ పక్కన ప్లేనోలో ఉంటున్నాం. రెండేళ్ళ కిందట మార్చిలో మావాడు పట్టుబట్టి నన్ను ఒక రెప్టైల్ ఎక్స్‌పోకి లాక్కెళ్ళాడు. పాములూ తొండలూ దాటాక ఒక టేబుల్ మీద వరసగా సాలీళ్ళ డబ్బాలు, అందులో ఒకదాని మీద "గూటీ సఫైర్" అని రాసుంది. మా ఊరి పేరు! లోపల నీలం రంగు టరాంటులా, అంటే ఒళ్ళంతా వెంట్రుకలుండే పెద్ద సాలీడు. ఇంటికొచ్చి చదివితే తెలిసింది, 1899లో పోకాక్ అనే శాస్త్రవేత్త దీని గురించి మొదట రాశాడట, ఆ సాలీడు దొరికింది గుత్తి రైల్వే కలప యార్డులో, అందుకే ఆ పేరు. అసలు అది బతికే అడవి నంద్యాలకీ గిద్దలూరుకీ మధ్య ఉంది, దుంగలతో పాటు రైల్లో వచ్చి ఉంటుందని అంటారు. ఆ కాస్త అడవీ తరిగిపోతూ ఇప్పుడది అంతరించిపోయే ప్రమాదం బాగా ఎక్కువున్న జీవుల్లో చేరింది. నేను పుట్టి పెరిగిన ఊళ్ళో ఈ సంగతి ఒక్కరి నోటా వినలేదు, అది ఇప్పటికీ బాధగానే ఉంది.

అదే కొందామనుకున్నాను. అమ్మేవాడు వద్దన్నాడు, అది మహా వేగంగా పరిగెడుతుంది, విషం కూడా గట్టిది, మొదటిసారి పెంచేవాళ్ళకి పనికిరాదు అని. మంచి మాట చెప్పాడు. దాని బదులు కర్లీ హెయిర్ అనే రకం టరాంటులా పిల్లని తెచ్చుకున్నాం, హోండురాస్, నికరాగువా, కోస్టారికా వైపు జాతి, చాలా నెమ్మది. ఒళ్ళు మినపగింజంత, కాళ్ళు చాపితే ఒకటిన్నర సెంటీమీటర్లు. ఇంత చిన్న పిల్లల్ని ఇక్కడ స్లింగ్ అంటారు. మావాడు దానికి చిట్టి అని పేరు పెట్టాడు.

దాని ఇల్లు ఒక చిన్న ప్లాస్టిక్ డబ్బా. కాల్చిన సూదితో పక్కల చిల్లులు పెట్టి, సగానికి పైగా తడిపి పిండిన కొబ్బరి పొట్టు నింపాను. అంత పొట్టు ఎందుకంటే పిల్లలు బొరియ తవ్వుకుంటాయి, పైగా పైన ఖాళీ తక్కువుంటే గోడెక్కి పడినా దెబ్బ తగలదు. టరాంటులా పొట్ట నీళ్ళు నింపిన బెలూన్ లాంటిది, చిట్లిందంటే బతకడం కష్టం.

ఇక తిండి. పెట్టే పురుగు దాని పొట్టకంటే పెద్దది కాకూడదు. చీమంత కీచురాళ్ళు షాపులో ఎప్పుడూ దొరకవు, దొరకనప్పుడు కాస్త పెద్ద కీచురాయి వెనక కాలు తుంచి బొరియ ముందు పెట్టేవాణ్ణి. పిల్లలు చచ్చిన పురుగునైనా తింటాయి, ఈ ఒక్క ముక్క ముందే తెలిసుంటే మొదటి పది రోజులు నాకంత టెన్షన్ ఉండేది కాదు. టరాంటులా మింగదు, కోరలతో నలుపుతూ జీర్ణరసం వదిలి కరిగించి పీల్చుకుంటుంది, చివరికి చిన్న ముద్ద మిగులుతుంది. ఆ ముద్దని మర్నాడే పట్టకారుతో తీసెయ్యాలి, లేకపోతే బూజు పడుతుంది. వారానికి రెండుసార్లు పెట్టాను, పొట్ట బాగా ఉబ్బితే ఒకసారి మానేశాను.

నెల రోజులకి మొదటి కుబుసం. మేం చూడలేదు, పొద్దున లేచేసరికి బొరియ బయట నలిగిన చిన్న తోలు పడుంది, పక్కన చిట్టి కాస్త పెద్దదై కూర్చుంది. ఇంత సులువా అనుకున్నాను.

రెండోసారి నా వల్ల తప్పు జరిగింది. మూడు రోజులుగా పురుగుని ముట్టడం లేదు, పొట్ట నల్లబడి మెరుస్తోంది. కొత్త తోలు లోపల తయారవుతుంటే పాత తోలు సాగి అలా కనిపిస్తుంది. నాకు అప్పుడు ఆ సంగతి తెలీదు, ఆకలేస్తే అదే తింటుందిలే అని బతికున్న కీచురాయిని రాత్రంతా డబ్బాలో వదిలేశాను. తెల్లారి చూస్తే చిట్టి కుబుసం విడిచింది, కానీ ఎడమ వైపు వెనక కాలు సగమే ఉంది, కీచురాయి కొరికేసింది. కుబుసం విడిచేటప్పుడు దానికి కదిలే ఓపిక ఉండదు, ఒళ్ళంతా మెత్తగా ఉంటుంది, కోరలు కూడా తెల్లగా మెత్తగా ఉంటాయి. తనని తాను కాపాడుకోలేని స్థితి. మావాడు ఏడ్చాడు. నేను ఏడవలేదు గానీ ఆ రోజంతా ఆఫీసులో పని చెయ్యలేకపోయాను. అప్పటినుంచి బతికున్న పురుగు తినకపోతే రాత్రికి తీసేస్తాను, ఇందులో ఎవరూ రాజీ పడొద్దు. కుబుసం తర్వాత కూడా కోరలు తెలుపు నుంచి ఎరుపు, ఎరుపు నుంచి నలుపు తిరిగేదాకా, అంటే పిల్లలకి దాదాపు వారం, ఏమీ పెట్టను.

ఆ తర్వాత వచ్చింది అయిదు వారాల ఉపవాసం. చిట్టి బొరియ నోటికి పొట్టు అడ్డం పెట్టి సాలెగూడుతో మూసేసుకుంది. వారం, రెండు వారాలు, మూడు వారాలు. లోపల చచ్చిపోయిందేమో తవ్వి చూద్దామని స్పూన్ కూడా తీశాను. అదే రోజు మా అమ్మ వీడియో కాల్‌లో ఉంది, విషయం చెబితే, "పామైనా కుబుసం ఇడిసే ముందర తిండి ముట్టదు రా, దాని పాటికి దాన్ని వదిలెయ్ నాయనా" అంది. పాములు తిరిగే చేలల్లో పెరిగిన మనిషి. స్పూన్ లోపల పెట్టేశాను. నేను చేసిందల్లా ఒక మూల పొట్టు ఆరకుండా డ్రాపర్‌తో నీళ్ళు చుక్కలు వెయ్యడమే. తిండి లేకపోయినా పర్లేదు గానీ తేమ లేకపోతే పాత తోలు ఊడక కాళ్ళు అందులోనే ఇరుక్కుపోయే ప్రమాదం ఉంది.

ముప్పై ఆరో రోజు రాత్రి డబ్బా పక్కనుంచి టార్చి వేస్తే చిట్టి వెల్లకిలా పడుకుని ఉంది. ఇక్కడ ఒక్క విషయం బాగా గుర్తుంచుకోండి. వెల్లకిలా పడుకుంటే చచ్చిపోయినట్టు కాదు, కుబుసం విడుస్తున్నట్టు. ముట్టుకోవద్దు, తిప్పొద్దు, ఊదొద్దు. భయపడాల్సింది బోర్లా ఉండి కాళ్ళన్నీ పొట్ట కిందకి ముడుచుకుపోయినప్పుడు. సాలీడు కాళ్ళు చాపేది ఒంట్లోని ద్రవం ఒత్తిడితోనే, నీళ్ళు చాలకపోతే అలా ముడుచుకుపోతాయి. అప్పుడు మాత్రం వెంటనే నీళ్ళు అందించాలి.

మా ఆవిడ "ఏవండీ, లైటు తీసెయ్యండి, దానికి ఇబ్బంది" అని గుసగుసగా చెప్పింది. టార్చికి ఎర్ర కాగితం చుట్టి ముగ్గురం నేల మీద కూర్చుని చూశాం. ముందు వీపు మీది పెంకు మూతలా లేచింది, తర్వాత పొట్ట పక్కన తోలు చిట్లింది, ఆ తర్వాత ఎనిమిది కాళ్ళూ మేజోళ్ళలోంచి లాగినట్టు కొంచెం కొంచెంగా బయటికొచ్చాయి. గంటకి పైగా పట్టింది. సగం పోయిన కాలి చోట సన్నగా, పాలిపోయిన రంగులో కొత్త కాలు. దాని తర్వాతి కుబుసానికి అది మిగతా వాటితో సమానమైంది.

ఇప్పటికి ఎనిమిది కుబుసాలయ్యాయి, కాళ్ళు చాపితే ఎనిమిది సెంటీమీటర్లు. పొట్ట మీద దురద వెంట్రుకలు ఉన్నాయి, డబ్బా తెరిస్తే మొహం దూరంగా పెడతాను. కుబుసాలన్నీ మావాడు తేదీలు రాసి అగ్గిపెట్టెల్లో దాచాడు. ఎనిమిదోదాన్ని సబ్బు నీళ్ళలో నానబెట్టి, పొట్ట భాగం మెల్లగా విప్పి, వాడి మైక్రోస్కోపు కింద చూశాం. ఆడపిల్ల! ఈ జాతిలో ఆడవి ఇరవై ఏళ్ళు కూడా బతుకుతాయి, మగవయితే పెద్దయ్యాక ఎంతోకాలం ఉండవు. మావాడికి ఇప్పుడు పదకొండు. చిట్టి మళ్ళీ పన్నెండు రోజులుగా తినడం లేదు, నీళ్ళ మూత నింపి పెట్టాం.