911కి ఫోన్ చేస్తే వీసా పోతుందా?

న్యూజెర్సీలో ఎమ్మెస్ రెండో సెమిస్టర్. ఎడిసన్‌లో నలుగురం ఒకే ఇంట్లో ఉండేవాళ్లం. ఒక శనివారం రాత్రి మా రూమ్మేట్ నడుంనొప్పికని ఎవరి దగ్గరో కొన్న మాత్ర వేసుకుని సోఫాలో ఒరిగాడు. గురక పెడుతున్నాడులే అనుకున్నాం. కాసేపటికి ఆ చప్పుడు గొంతులో నీళ్లు గరగరలాడినట్టు మారింది. లైటు వేసి చూస్తే పెదాలు నీలంగా ఉన్నాయి. చెంపల మీద తట్టినా పలకలేదు.

అమెరికాలో అత్యవసర సాయం నంబరు 911కి చేద్దామని ఫోన్ తీశాను. "ఆగరా, పోలీసులొస్తారు, అందరి ఎఫ్-1 స్టూడెంట్ వీసా పోతుంది" అన్నాడొకడు. ఇంకొకడు మొహాన నీళ్లు కొట్టాడు. డాలస్‌లో ఉన్న సీనియర్ అన్నకి ఫోన్ చేశాను, ఎత్తలేదు. ఆ కాల్‌కీ 911కి చేసిన కాల్‌కీ మధ్య ఆరు నిమిషాలున్నాయని తర్వాత ఫోన్‌లో చూసుకున్నాను. ఆగమన్నది వాడే అయినా, ఆగింది నేను.

ఆపరేటర్ ముందు అడ్రస్ అడిగింది, తర్వాత ఊపిరి ఆడుతోందా అని. నేల మీదికి దించి ఛాతీ నొక్కమంది. మొదట వచ్చింది పోలీసే. ఓపియాయిడ్ మత్తుమందు ప్రభావాన్ని తిప్పికొట్టే నలోక్సోన్ అనే స్ప్రే ముక్కులో కొట్టాడు. రెండు మూడు నిమిషాలు చూసి ఇంకోటి. అప్పుడు వాడు ఒక్కసారిగా ఊపిరి లాగాడు. లేచాక ఆస్పత్రికి రానని గొడవ. స్ప్రే ప్రభావం 30 నుంచి 90 నిమిషాల్లో తగ్గిపోతుందనీ, మాత్రలో ఫెంటనిల్ అనే తీవ్రమైన ఓపియాయిడ్ ఉంటే అది మళ్లీ ఊపిరి ఆపేయొచ్చనీ అంబులెన్స్ వాళ్లు నచ్చజెప్పి తీసుకెళ్లారు.

పోలీసు మా పేర్లు రాసుకుని, మిగిలిన మాత్రలు పట్టుకెళ్లాడు. ఎవరికీ బేడీలు వేయలేదు. అయినా తలుపు చప్పుడైతే చాలు, గుండె జారిపోయేది. రెండు వారాలకి ధైర్యం చేసి లాయర్‌ని కలిశాను.

న్యూజెర్సీలో 2013 నుంచే చట్టం ఉందట. ఓవర్‌డోస్‌కి సాయం కోసం నిజాయితీగా ఫోన్ చేసినవాళ్లనీ, పడిపోయినవాళ్లనీ సొంతానికి మత్తుమందు దగ్గర పెట్టుకున్నారనో వాడారనో అరెస్టు చేయకూడదు, కేసు పెట్టకూడదు. అమ్మేవాళ్లకి ఈ రక్షణ లేదు. మా ఓరియంటేషన్‌లో షాపులో దొంగతనం చేస్తే ఏమవుతుందో గంటసేపు చెప్పారు. ఇది చెప్పడానికి ఒక్క నిమిషం దొరకలేదు!

మరి వీసా? అక్కడ ఆయన కాస్త ఆగాడు. ఇది రాష్ట్ర చట్టం, ఇమ్మిగ్రేషన్ కేంద్రం చేతిలో ఉంటుంది. శిక్ష పడకపోయినా, మత్తుమందు వాడానని అధికారి ముందు ఒప్పుకుంటే చిక్కులు రావచ్చు. "911కి మాత్రం క్షణం ఆగొద్దు. వీసా ఫారాలు నింపే ముందు మీ రూమ్మేట్‌ని ఇమ్మిగ్రేషన్ లాయర్‌ దగ్గరికి పంపు" అన్నాడు.

డాలస్ అన్నకి ఇదంతా చెబితే, టెక్సాస్‌లో లెక్క వేరన్నాడు. నిజమే, అక్కడ 2021లో వచ్చిన చట్టం కోర్టులో వాదించుకోవడానికే పనికొస్తుంది, అరెస్టును ఆపదు. అదీ మొదట ఫోన్ చేసినవాడికీ, పడిపోయినవాడికీ మాత్రమే, మత్తుమందు కేసులో పాత శిక్ష ఉంటే అదీ లేదు.

ఆ వారమే మందుల షాపుకెళ్లాను. ఇక్కడ న్యూజెర్సీలో 14 ఏళ్లు నిండినవాళ్లకి రాష్ట్ర పథకంలో ఉన్న ఫార్మసీల్లో నలోక్సోన్ ఉచితం, పేరు కూడా అడగరు. డబ్బా ఫ్రిజ్ మీద పెట్టాం. మొన్న వీడియో కాల్‌లో వాళ్లమ్మ అదేంటని అడిగితే, జలుబు స్ప్రే అన్నాడు మావాడు.