ఈ బిళ్లకి పథ్యం ఏటి?

మా అమ్మాయికి పదహారేళ్లు, పుట్టి పెరిగింది టెక్సాస్‌లో. డిప్రెషన్‌కి ఫ్లూఆక్సెటిన్ మొదలుపెట్టిన కొత్తలోనే వేసవికి విజయనగరం వచ్చాం. డాక్టరు సరేనన్నాకే టికెట్లు తీసుకున్నాం.

"ఆ మందు సంగతి ఊళ్లో ఎత్తకు, రేపు సంబంధాలు చూడాలి కదా" అని బంధువులొకరు ముందే ఫోన్ చేశారు. నేను ఒప్పుకోలేదు. ఇలాంటి మందుల వల్ల పిల్లల్లో కొద్దిమందికి ఆత్మహత్య ఆలోచనలు పెరగొచ్చని అమెరికాలో మందుల్ని నియంత్రించే సంస్థ ఎఫ్‌డీఏ 2004లో హెచ్చరించింది, 2007లో దాన్ని 24 ఏళ్ల వయసు దాకా పొడిగించింది. మొదటి వారాల్లో, మోతాదు మార్చినప్పుడు మరీ జాగ్రత్తగా ఉండాలి. మందు వాడొద్దని కాదు, పిల్లని కనిపెట్టుకుని ఉండమని దాని అర్థం. ఇక్కడ రాత్రంతా నాకు ఆఫీసు పని, పగలు నిద్ర. పిల్ల ఉండేది అమ్మమ్మ దగ్గరే. ఆవిడకి తెలియకపోతే కనిపెట్టేదెవరు?

ముందు అమ్మాయినే అడిగాను. అమ్మమ్మకీ తాతయ్యకీ చెప్పు, ఇంకెవరికీ వద్దంది. అది తన ఇష్టం, దాన్ని ఎవరి కోసమూ దాటను.

విన్న వెంటనే అమ్మ దిష్టి తీసింది, పైడితల్లమ్మకి మొక్కుకుంది. నేనూ గుడికెళ్లి దణ్ణం పెట్టుకున్నాను. తర్వాత అమ్మ అడిగిన మాట నాకెంతో నచ్చింది: "దీనికి పథ్యం ఏటే?"

వంకాయ, చేపలు, చింతపండు ఏదైనా తినొచ్చు. పథ్యమల్లా వేరే మందుల దగ్గరే. తలనొప్పి అనగానే వీధి చివర మెడికల్ షాపులో ఇబుప్రోఫెన్ లాంటి నొప్పి బిళ్ల తెచ్చి ఇవ్వకూడదు, రెండూ కలిస్తే రక్తస్రావం అయ్యే అవకాశం పెరుగుతుంది. ఆకు మందులైనా, పొడులైనా డాక్టరుని అడక్కుండా వద్దు. మొదట్లో వికారం, తలనొప్పి, నిద్ర పట్టకపోవడం ఉండొచ్చు, చాలామందికి మెల్లగా తగ్గుతాయి. రాత్రి నిద్ర చెడకూడదనే బిళ్ల పొద్దున్నే వేసుకుంటుంది. గుణం తెలియడానికి నాలుగు నుంచి ఆరు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. కుదురుగా కూర్చోలేకపోయినా, ఉన్నట్టుండి చిరాకుపడినా, చావు మాట ఎత్తినా నన్ను వెంటనే నిద్ర లేపమన్నాను.

"అలవాటైపోద్దేమో?" అంది అమ్మ. మత్తుమందులా ఇంకా కావాలనిపించే మందు కాదు. అలాగని ఒక్కసారిగా ఆపేయకూడదు. కోలుకున్నాక కూడా మామూలుగా ఆరు నెలల నుంచి ఏడాది దాకా వాడించి, డాక్టరే మెల్లగా తగ్గిస్తారు. పిల్ల నవ్వుతోంది కదా అని మధ్యలో మాన్పించొద్దని గట్టిగానే చెప్పాను.

"సరే గానీ, మీ డాక్టరమ్మతో నన్నూ ఓసారి మాట్లాడనీ" అంది. అమ్మాయి కూడా ఒప్పుకుంది. అమ్మ అడగాలనుకున్నవన్నీ ఇప్పుడు కాగితం మీద రాసి పెడుతున్నాను.