మూడు వందల పది గ్రాములు

మా ఊరి పైడితల్లి అమ్మవారి జాతర, సిరిమానోత్సవం, మంగళవారం అయింది. గురువారం ఉదయం షాపు తెరవడానికి వెళ్ళేసరికి రోడ్డు వారన ఇంకా అరటి తొక్కలే. సిరిమాను మీదికి, అంటే పూజారి కూర్చుని ఊరేగే పొడవాటి మాను మీదికి, భక్తులు విసిరిన పళ్ళు వానకు నాని, వీధంతా తీపి వాసన పట్టేసి ఉంది. మాది విజయనగరంలో మూడు లాంతర్ల కూడలి నుంచి కోటకు వెళ్ళే దారిలో చిన్న జిరాక్స్ షాపు. ముందురోజు రాత్రి అలసటలో పెద్ద మిషను స్విచ్ ఆపడం మరిచిపోయి ఇంటికి వెళ్ళిపోయాను. ఆ మరుపే ఒక ప్రాణాన్ని నిలిపిందని ఇప్పటికీ నమ్ముతాను.

మిషను వెనుక, వేడిగాలి బయటికి వచ్చే చోట, తడిగుడ్డ ఏదో పడి ఉందనుకున్నాను. తీయబోతే కదిలింది. నలుపు, తెలుపు, ఇటుక రంగు కలగలిసిన పిల్లికూన. రెండు కళ్ళూ పుసులతో అతుక్కుపోయాయి. ముక్కు రంధ్రాల మీద చీమిడి ఎండి పెచ్చు కట్టింది. నోటితో ఊపిరి తీస్తోంది. నన్ను చూడలేదు గానీ నా చేయి తగలగానే అరవడానికి నోరు తెరిచింది. శబ్దం రాలేదు.

తల్లి కోసం వీధి చివరిదాకా వెతికాను. అన్ని వేలమంది జనం, డప్పులు, తోపులాట. ఆ గందరగోళంలో తల్లి ఎటు పోయిందో, మిగతా పిల్లలు ఏమయ్యాయో. మధ్యాహ్నం వరకు చూసినా ఏ పిల్లీ రాలేదు.

ఆ పూట నేను చేసినవన్నీ తప్పులే. సీసా మూతలో ఆవుపాలు పోసి మూతి దగ్గర పెట్టాను. అది తాగలేదు, తాగకపోవడమే మేలయిందని తర్వాత తెలిసింది. ఇంటికి ఫోను చేస్తే మా అమ్మ, "జలుబే కదా నాయనా, మన పాపకు వేసే జ్వరం మందు రెండు చుక్కలు వేయి" అంది. సీసా ఇంట్లో ఉంది కాబట్టి సరిపోయింది. షాపులోనే ఉంటే వేసేసేవాణ్ణి.

పశువుల ఆసుపత్రిలో డాక్టరమ్మ ముందు నోరు తెరిచి పళ్ళు చూశారు. అయిదు వారాల పిల్ల అన్నారు. చిగుళ్ళు పాలిపోయి ఉన్నాయి. మెడ వెనుక చర్మాన్ని రెండు వేళ్ళతో పైకి లాగి వదిలారు. అది వెంటనే కిందికి జారకుండా గుడారంలా అలాగే నిలబడింది. ఒంట్లో నీరు లేదనడానికి అదే గుర్తట. థర్మామీటరు 97 డిగ్రీలు చూపించింది. పిల్లికి మామూలుగా 100కు పైన, 102 దాకా ఉండాలి.

"పాలు పట్టారా?" అని అడిగారు.

"పట్టబోయాను మేడమ్, తాగలేదు."

"మంచిదైంది. చల్లబడిన పిల్లకు కడుపు పనిచేయదు. ఏం పోసినా అరగదు, ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం కూడా ఉంది. ముందు వేడి, తర్వాత నీరు, ఆ తర్వాతే తిండి. ఆవుపాలు ఎప్పుడూ వద్దు, విరేచనాలు పట్టుకుంటాయి."

అమ్మ చెప్పిన మందు సంగతి అడిగితే ఆవిడ చేతిలో పని ఆపేశారు. పారాసిటమాల్ పిల్లికి విషమట. దాన్ని విరగ్గొట్టే శక్తి పిల్లి కాలేయానికి లేదు. రక్తం ఆక్సిజన్‌ను మోయలేకుండా అయిపోతుంది. ఇంత చిన్న పిల్లకు కొద్ది చుక్కలే చాలు, ప్రాణం తీయడానికి. ఇది చదివేవాళ్ళకు మిగతా ఏదీ గుర్తులేకపోయినా ఫర్వాలేదు, ఈ ఒక్క మాట గుర్తుంచుకోండి. మన ఇళ్ళలో ఆ సీసా లేని అల్మారా ఉండదు.

జబ్బు పేరు పిల్లి జలుబు. మన జలుబులాంటిది కాదు. పిల్లులకు మాత్రమే వచ్చే హెర్పిస్, కాలిసి అనే వైరస్‌ల పని. మనుషులకు అంటదు. వైరస్ సంగతి ఎలా ఉన్నా, దాని వెనుక చేరే బాక్టీరియాకు మందు ఉంది. గోరువెచ్చటి సెలైన్ పదిహేను మిల్లీలీటర్లు భుజాల మధ్య చర్మం కిందికి ఎక్కించారు. అక్కడ నిమ్మకాయంత ఉబ్బు వచ్చింది. ఆటోలో ఇంటికి వస్తూ దాని మీద చేయి వేసి కూర్చున్నాను. ఇల్లు చేరేలోపు ఆ ఉబ్బు సగానికి దిగింది. దాహంగా ఉన్న నేల నీటిని పీల్చుకున్నట్టు.

ఎ4 కాగితాల అట్టపెట్టె దానికి ఇల్లయింది. ఒక పక్క వేడినీళ్ళ సీసా గుడ్డలో చుట్టి పెట్టాను. రెండో పక్క ఖాళీగా వదిలాను, వేడి ఎక్కువైతే జరగడానికి. రాత్రి రెండు గంటలకోసారి లేచి నీళ్ళు మార్చడం మా ఆవిడ, నేను వంతులేసుకున్నాం. "ఏమండీ, మీరు పడుకోండి, పొద్దున్న షాపు తీయాలి కదా" అని తన వంతుతో పాటు నాదీ చాలాసార్లు తనే చేసింది.

రోజూ బరువు చూడమన్నారు డాక్టరమ్మ. చూపులకు తెలియని తేడా గ్రాముల్లో తెలుస్తుందట. మా పక్కన కిరాణా కొట్టు. ఆయన కాటా మీద కాగితం పరిచి పిల్లను కూర్చోబెట్టేవాణ్ణి. మొదటిరోజు 310. ఆ వయసుకు అయిదు వందలకు దగ్గరలో ఉండాలి. పాడైపోయిన జిరాక్స్ కాగితాల వెనుక అంకెలు రాసుకున్నాను. 310, 302, 291, 284. నాలుగో రోజు ఆ అంకె చూసి కొట్టాయన కూడా ఏమీ అనలేదు. తలొంచుకుని పప్పు పొట్లం కట్టుకున్నాడు.

మందులు పడుతున్నాయి. ఒళ్ళు వెచ్చబడింది. అయినా తినదు. డబ్బా తిండి తెచ్చాం, ఉల్లి, వెల్లుల్లి, ఉప్పు లేకుండా కోడిమాంసం ఉడికించి నూరాం. ముట్టదు. సూది తీసేసిన సిరంజితో, కోరపన్ను వెనుక సందులోంచి, బోర్లా కూర్చోబెట్టి కొంచెం కొంచెంగా పట్టాను. సగం గడ్డం కిందే పోయేది. అయిదో రోజు మాత్ర వేస్తుంటే నా వేలు కొరికింది. అంత నీరసంలోనూ కొరికినందుకు ఒక్కక్షణం సంతోషపడ్డాను. వెంటనే సబ్బుతో పావుగంట కడుక్కుని ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళి రేబిస్ టీకా మొదలుపెట్టించుకున్నాను. ఊరుపేరు తెలియని పిల్లి పంటిగాటును తేలిగ్గా తీసుకోకూడదు, అది ఎంత చిన్న పిల్లయినా సరే.

ఆ సాయంత్రం ఫోనులో డాక్టరమ్మ ఒక మాట అన్నారు. "పిల్లి నోటితో కాదండీ, ముక్కుతో తింటుంది. వాసన తెలియకపోతే ఎదురుగా ఉన్నది తిండి అని దానికి తెలియదు."

ఫోను పెట్టేశాక నేను కుర్చీలోంచి లేవలేకపోయాను. 2021 వేసవిలో నాకు కరోనా వచ్చింది. పన్నెండు రోజులు వాసన తెలియలేదు. మా అమ్మ చేసిన చేపల పులుసు నోట్లో పెట్టుకుంటే వేడి తెలిసేది, పులుపు తెలిసేది, పులుసు మాత్రం తెలిసేది కాదు. నాలుగు ముద్దలకే కంచం జరిపేసేవాణ్ణి. ఇంట్లోవాళ్ళు "తిను, తినకపోతే ఎలా" అంటుంటే కోపం వచ్చేది. అదే మాట అయిదు రోజులుగా నేను ఈ పిల్లతో అంటున్నాను.

దేనికి వాసన ఎక్కువ? అమ్మనే అడిగాను. అమ్మ లేచి వంటింటి అటక మీది డబ్బా దింపింది. ఎండు నెత్తళ్ళు. మూత తీయగానే ఇల్లంతా సముద్రం. ఉప్పు పిల్లికి మంచిది కాదని చెబితే మూడుసార్లు నీళ్ళు మార్చి నానబెట్టింది, ఉడికించి ఆ నీళ్ళూ పారబోసింది, ముళ్ళు లేకుండా నలిపింది. డాక్టరమ్మను అడిగితే చిటికెడు మాత్రం, కోడిమాంసంలో కలిపి పెట్టమన్నారు.

స్నానాల గదిలో వేడినీళ్ళు వదిలి, తలుపు మూసి, పిల్లను ఒళ్ళో పెట్టుకుని పది నిమిషాలు ఆవిరిలో కూర్చున్నాను. ముక్కు మీది పెచ్చు మెత్తబడింది. తడి దూదితో ఒత్తితే ఊడి వచ్చింది. దాని కింద ముక్కు లేత గులాబీ రంగులో ఉంది. అంతవరకు దాని ముక్కు రంగే నాకు తెలియదు.

అమ్మ గిన్నె తెచ్చింది. మణికట్టు మీద వేసి వేడి చూసింది, మా పాపకు పాలు చూసినట్టే. గిన్నె దగ్గర పెట్టాం. పిల్ల కదల్లేదు. తర్వాత ముక్కు అంచు ఒక్కసారి ముడుచుకుంది. మళ్ళీ ముడుచుకుంది. తల ఎత్తింది, కళ్ళు ఇంకా సగమే తెరుచుకుంటున్నాయి కాబట్టి గిన్నె ఎటు ఉందో కనబడక గాలిలో వెతికింది. గడ్డం గిన్నె అంచుకు తగిలింది. నాలుక బయటికి వచ్చింది. ఒక మెతుకంత నాకి, ఆగి, నోరు ఆడించి, మళ్ళీ వంగింది. తింటూ తింటూ గొంతులోంచి ఏదో గుర్రుమనే చప్పుడు. మా పాప నోటికి చేయి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నేనూ అంతే.

మర్నాడు కాటా మీద 289. ఆ తర్వాత 297. 311 వచ్చిన రోజు కొట్టాయన బయటికి వచ్చి మా షాపు గడపలో బెల్లం ముక్క పెట్టి వెళ్ళాడు. అప్పటిదాకా "బతికేవరకు పేరు పెట్టొద్దు" అని పాపను ఆపిన అమ్మ, ఆ రోజే "సిరి" అని పిలిచింది.

ఎడమ కన్ను మాత్రం పూర్తిగా విచ్చుకోలేదు. మా అమ్మ శుక్లాల ఆపరేషన్ చుక్కలు ఇంట్లో ఉన్నాయి. ఈసారి ఎవరినీ అడగకుండా వేయలేదు. గరివిడి పశువైద్య కళాశాలకు రైల్లో తీసుకెళ్ళాను. అట్టపెట్టెకు కన్నాలు పొడిచి ఒళ్ళో పెట్టుకున్నాను. నెల్లిమర్ల దాటేవరకు అరిచి, తర్వాత నిద్రపోయింది. అక్కడ కంట్లో రంగు వేసి నీలి వెలుతురులో చూశారు. నల్లగుడ్డు మీద పచ్చగా మెరిసే చిన్న గీత. పుండు. ఆ శుక్లాల చుక్కల్లో స్టెరాయిడ్ ఉందని, అవి వేసి ఉంటే కన్ను పోయేదని చెప్పారు. వేరే మందు ఇచ్చారు. మూడు వారాలకు పుండు మానింది. ఉల్లిపొరంత తెల్లని మచ్చ మిగిలింది. పుట్టుకతో ఉన్న నీలిరంగు పోయి రెండు కళ్ళూ నిమ్మపండు రంగుకు తిరిగాక ఆ మచ్చ ఇంకా స్పష్టంగా కనబడుతుంది.

నవంబరు చివర మొదటి టీకా, నాలుగు వారాలకు రెండోది, దానితో పాటు రేబిస్‌ది. మొదటి టీకా నాటికి 920 గ్రాములు.

ఈ హెర్పిస్ వైరస్ ఒకసారి చేరితే ఒంట్లోంచి పూర్తిగా పోదట. చలి, భయం, ఇల్లు మారడం, ఏది తోడైనా తిరగబెట్టవచ్చు. సంక్రాంతి ముందు మంచు బాగా కురిసిన రోజు సిరి వరసగా నాలుగుసార్లు తుమ్మింది. షట్టరు సగం దించి, మిగిలిన పుస్తకాల జిరాక్స్ రేపు ఇస్తానని చెప్పి ఇంటికి వచ్చేశాను. మా ఆవిడ అప్పటికే నీళ్ళు కాచి ఉంచింది.