ఒక్కడినే మాస్ట్ లేపాను
టెక్సాస్‌లోని లూయిస్‌విల్ సరస్సు ఒడ్డున మా కాటలీనా 22 పడవ మాస్ట్‌ని, అంటే తెరచాప కట్టే స్తంభాన్ని, ఇవాళ ఎవరి సాయం లేకుండా నిలబెట్టాను. ఎంత ఆనందంగా ఉందో! మాస్ట్ పొడవు 25 అడుగులు. బరువు కన్నా అది పక్కకి ఊగడమే ప్రమాదం. నిటారుగా నిలిచేదాకా దాన్ని రెండు పక్కలా పట్టి ఉంచే తీగలు వదులుగానే ఉంటాయి మరి. అందుకే మాస్ట్ అడుగున ఉండే కీలుకు సమానమైన ఎత్తులో రెండు పక్కలా అదనంగా తాళ్లు కట్టాను. అవి మొదటి నుంచి చివరిదాకా బిగువుగానే ఉంటాయి. పడుకున్న మాస్ట్‌ని తిన్నగా లాగితే లేవదు, తాడుకి కోణం కావాలి. ముందువైపు ఒక గొట్టం నిలబెట్టి, దాని కొస మీదుగా కప్పీల తాడు లాగితే నెమ్మదిగా లేచింది. దించేటప్పుడూ ఇదే ఏర్పాటు. కానీ నాకు అసలు టెన్షన్ అప్పుడే, తాడు ఒక్కసారిగా జారకూడదు. మీరూ ప్రయత్నిస్తే ముందు పైన కరెంటు తీగలు లేవని చూసుకోండి. అల్యూమినియం మాస్ట్ వాటికి తగిలితే ప్రాణం పోతుంది.