గడ్డం నల్లబడితే ముందు థర్మామీటర్ చూడండి

బియర్డెడ్ డ్రాగన్ మన తొండల కుటుంబానికే చెందిన ఆస్ట్రేలియా మెట్టనేలల ప్రాణి. అప్పుడప్పుడూ బుస కొట్టడం తప్ప దానికి గొంతు పెద్దగా లేనందువల్ల, తన అవస్థను రంగుతోనూ, ఒంటి భంగిమతోనూ, తనను పెంచే గాజు పెట్టెలో తాను ఎంచుకున్న చోటుతోనూ తెలియజేస్తుంది. పెంచేవారిలో చాలామంది మొదటి రెండింటినే గమనిస్తారు. నా దృష్టిలో మూడవదే ముఖ్యం, ఎందుకంటే అది ఎక్కడ కూర్చుందో తెలియకుండా ఏ సంజ్ఞకూ అర్థం చెప్పలేము.

నోరు తెరవడాన్నే తీసుకుందాం. పెట్టెలో వేడి కోసం అమర్చిన దీపం కింద, సుమారు 40 డిగ్రీల సెల్సియస్ వేడిలో, ఒళ్లు వదులుగా ఉంచి నోరు తెరిచి కూర్చున్నదంటే అది అదనపు వేడిని వదిలించుకుంటోందని అర్థం. అందులో కంగారుపడవలసినది ఏమీ లేదు. అదే నోటిని చల్లని మూలలో తెరిచి ఉంచి, ముక్కు వద్ద జిగురు కనబడినా, ఊపిరితో పాటు టక్కుటక్కుమనే శబ్దం వినబడినా శ్వాసకోశ వ్యాధిని అనుమానించాలి. గడ్డాన్ని, అంటే గొంతు కింద ముళ్లతో ఉండే చర్మాన్ని, ఉబ్బించి, నల్లగా మార్చి, ఒంటిని పళ్లెంలా పరచి మీ వైపు తిరిగి నోరు తెరిస్తే మాత్రం అది సూటి బెదిరింపు. అప్పుడు చేయి వెనక్కి తీసుకోవడమే మర్యాద.

రంగు విషయంలోనూ తొందరపాటు పనికిరాదు. ఉదయం లేవగానే వేడిని త్వరగా గ్రహించడానికి వీపు ముదురు రంగుకు మారుతుంది, ఒళ్లు వెచ్చబడ్డాక లేతబడుతుంది. పొట్ట మీద కనిపించే నల్లని చారలు, అండాకారపు మచ్చలు కొత్త ఇంటికి వచ్చిన పిల్లల్లో సాధారణమే. మగవి జతకట్టే కాలంలో గడ్డం నల్లబరచి తల ఊపుతాయి. అయితే వేడి సరిగ్గా ఉన్నా గడ్డం గంటల తరబడి నల్లగానే ఉండి, తిండి మానేసి, కదలిక తగ్గితే అది నొప్పికి గుర్తు కావచ్చు.

గాజును గోళ్లతో గీకుతూ పైకి ఎగబాకడం మరొక స్పష్టమైన సూచన. పెట్టె ఇరుకుగా ఉండటం, చల్లని చోటు లేకపోవడం, గాజులో తన ప్రతిబింబాన్నే ప్రత్యర్థిగా భావించడం వంటివి దీనికి కారణాలు. రెండింటిని ఒకే పెట్టెలో ఉంచితే ఒకటి మరొకదానిపై పడుకుని ఉండటాన్ని ప్రేమగా భావించి ఫొటోలు తీస్తారు. నిజానికి పైనున్నది వేడినీ వెలుతురునూ కాజేస్తోంది. అది తన ముందు కాలిని చేయిలా ఎత్తి మెల్లగా గుండ్రంగా తిప్పడం కూడా పలకరింపు కాదు, ఎదుటివారికి లొంగిపోతున్నానని చెప్పడమే. వీడియోల్లో దానికి వచ్చే ముద్దు మాటలు చూస్తే నాకు ఆ జంతువు మీద జాలి కలుగుతుంది.

తల పైభాగంలో వెలుగునీడలను పసిగట్టే మూడవ కన్ను ఉన్నందువల్ల, పైనుంచి వచ్చే చేయి దానికి వేటపక్షి నీడలా తోస్తుంది. పక్క నుంచి చేయి చాచి, పొట్ట కింద ఆసరా ఇచ్చి ఎత్తుకోవాలి. చేతిలో కళ్లు మూసుకున్నంత మాత్రాన అది హాయిగా ఉన్నట్టు కాదు, భరించలేక మూసుకుని ఉండవచ్చు. కుబుసం విడిచే ముందు కళ్లు ఉబ్బించడం, చలికాలంలో మందకొడిగా నిద్రపోవడం సహజమే. కాళ్లు అదరడం, దవడ మెత్తబడటం మాత్రం కాల్షియం, యూవీబీ (ఒక రకం అతినీలలోహిత) కాంతి లోపంతో వచ్చే ఎముకల జబ్బు లక్షణాలు కనుక, సరీసృపాలను చూసే పశువైద్యుని వద్దకు ఆలస్యం చేయకుండా తీసుకువెళ్లాలి.