అమ్మమ్మ పెరట్లో గోరింకలు

మా పాప పుట్టిందీ పెరుగుతున్నదీ ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో. అక్కడి పిల్లలకు గోరింక బాగా తెలుసు, కానీ మంచి పేరుతో కాదు. దాన్ని ఇండియన్ మైనా అంటారు. చెట్టు తొర్రల్లో గూడు పెట్టుకునే రోసెల్లా చిలుకలను తరిమేసి ఆ తొర్రల్లో తాను చేరుతుందని, కొన్ని ఊళ్ళలో బోన్లు పెట్టి మరీ పట్టి చంపుతారని బడిలో చెప్పారు. ప్రకృతికి బాగా చేటు చేసిన, బయటి నుంచి వచ్చిన వంద జీవజాతులతో ఐయూసీఎన్ అనే అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ 2000లో ఒక జాబితా వేసింది. అందులో పక్షులు మూడే మూడు. ఒకటి గోరింక, ఇంకొకటి దాని చుట్టమే అయిన యూరప్ స్టార్లింగ్, మూడోది తోక కింద ఎర్రగా ఉండే మన పిగిలిపిట్ట. అంటే రెండు మా గుంటూరు పెరట్లో పొద్దున లేస్తే కనిపించేవే.

ఆ రోజు పాప ఇంటికొచ్చి, "అమ్మా, మన ఊరి పక్షులు చెడ్డవా?" అంది. నాకు గుండె కలుక్కుమంది. పరాయి దేశంలో పిల్లల్ని పెంచేవాళ్ళకు ఇలాంటి మాట పక్షి దగ్గరే ఆగదు. కాదమ్మా అని ముద్దు పెట్టి ఊరుకోవచ్చు. కానీ గూడు దొరకని రోసెల్లా బాధ కూడా నిజమే కదా. దాన్ని దాచి పెట్టి మన గొప్ప చెప్పుకోవడం నాకు ఇష్టం లేదు. అందుకే అసలు కథంతా చెప్పాను. గోరింక అంత సముద్రం తనంతట తాను దాటలేదు. 1862లో కూరగాయల తోటల్లో పురుగులు తింటుందని మనుషులే మెల్‌బోర్న్‌కు తెచ్చి వదిలారు. 1883లో అక్కడి నుంచి క్వీన్స్‌లాండ్ చెరుకు తోటలకూ పట్టుకెళ్ళారు. పని చేస్తుందని ఏరికోరి తెచ్చుకుని, నాలుగు పిల్లలు పెట్టేసరికి ఛీకొట్టడం నాకు న్యాయంగా అనిపించదు. పాపకు ఆ మాటా చెప్పాను. చెప్పడం ఒక ఎత్తు, ఆ పక్షిని దాని సొంత నేల మీద చూపించడం ఇంకో ఎత్తు.

మెల్‌బోర్న్ బడులకు పెద్ద సెలవులు డిసెంబరు, జనవరిల్లో వస్తాయి. దాంతో సంక్రాంతికి గుంటూరులో ఉండడం కుదురుతుంది. బ్రాడీపేటలో మా అమ్మావాళ్ళ ఇంటి చుట్టూ ఇప్పుడన్నీ అపార్ట్‌మెంట్లే. మా పెరట్లో మాత్రం జామచెట్టు, బొప్పాయి, ఒక వేపచెట్టు, నీళ్ళ గాబు అలాగే ఉన్నాయి. పొద్దున్నే అమ్మ మొక్కలకు నీళ్ళు పోయడం ఆలస్యం, గోరింకల జంట దిగుతుంది.

పాప వాటిని చూడడానికి వంటింటి మెట్టు మీద పీట వేసుకుని కూర్చునేది. పిచ్చుకలా గెంతదు గోరింక. ఒక కాలు తర్వాత ఒక కాలు వేస్తూ, ఆస్తి చూసుకోవడానికి వచ్చిన మోతుబరి రైతులా నడుస్తుంది. తడి మట్టిలో ముక్కు దూర్చి, లోపలే తెరిచి, మట్టిని పక్కకు నెట్టి వానపామును లాగుతుంది. కంటి వెనక పసుపు రాసినట్టు బోసి చర్మం, అదే పసుపు కాళ్ళకూ ముక్కుకూ. నేల మీద ఉన్నంతసేపూ ఒళ్ళంతా గోధుమ రంగే, తల మాత్రం నలుపు. రెక్క విప్పిందంటే తెల్లటి పట్టీ మెరుస్తుంది. పాప దాన్ని మెల్‌బోర్న్‌లో ఎన్నోసార్లు చూసే ఉంటుంది. కానీ తరమడానికి కాకుండా చూడడానికి చూసింది ఇక్కడే.

"పోయిన ఎండాకాలం మన వెంటిలేటర్‌లో గూడు పెట్టింది బంగారం. నీలంగా ఉన్నాయి గుడ్లు. ఆ గది కిటికీ తీయనివ్వలేదు నేను" అంది మా అమ్మ.

"మరి నీకు ఉక్కపోయలేదా అమ్మమ్మా?"

"పిల్లలు ఎగిరిపోయిందాకేగా, ఎంతలే."

బొప్పాయి పండు పిగిలిపిట్టల వాటా. పైకాయ పండగానే సగం అవే తినేస్తాయి, అమ్మ కొయ్యనివ్వదు. గుమ్మానికి కట్టిన వరి కంకుల కుచ్చు పిచ్చుకలది. పండక్కి మా పెదనాన్నగారి చేలోంచి వచ్చిన కంకులతో దాన్ని ఎలా అల్లాలో పాపకు మా అమ్మే నేర్పింది. ఇంట్లో అన్నం వండగానే మొదటి ముద్ద పిట్టగోడ మీద కాకికి పెట్టే పని కూడా పాపే తీసుకుంది. మెల్‌బోర్న్‌లో అడవి పక్షులకు తిండి పెట్టవద్దని చెప్తారు. ఇక్కడ పెట్టకపోతే అమ్మమ్మకు ముద్ద దిగదు. రెండూ పద్ధతులేనని పాపకు నేనేమీ విడమర్చనక్కర్లేకపోయింది.

గోరింక అంటే నాకు ముద్దు కాబట్టి అంతా ముద్దుగానే చెప్తానని పాప అనుకోకూడదు. అందుకని పెదనాన్నగారితో కలిసి ఉప్పలపాడు వెళ్ళాం. గుంటూరు పక్కనే ఉన్న ఆ ఊరి చెరువు చెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు కొమ్మ వంగేలా కాపురం ఉంటాయి. ఊరివాళ్ళే వాటిని కాపాడుకుంటూ వచ్చారు. తిరిగి వస్తుంటే కరెంటు తీగల మీద గులాబిరంగు స్టార్లింగులు కనిపించాయి. ఒళ్ళు గులాబి, తల, రెక్కలు నలుపు. మధ్య ఆసియా గడ్డి మైదానాల్లో పిల్లల్ని పెంచి చలికాలానికి మన దగ్గరికొస్తాయి. గుంపు ఒక్కసారిగా లేచి, గాల్లో మలుపు తిరిగి, మళ్ళీ అదే తీగ మీద వాలింది. పాప చప్పట్లు కొట్టింది.

"అందంగానే ఉంటాయి. జొన్నచేలో పడితే తెలుస్తుంది. చిన్నప్పుడు మంచె ఎక్కి వడిసెలతో రాళ్ళు విసిరి తోలేవాళ్ళం, చేతులు బొబ్బలెక్కేవి" అన్నాడు పెదనాన్న.

పాప ఆయన చేతులు చూసింది. "చంపేవారా తాతయ్యా?"

"చంపడానికెందుకే? తోలితే పక్క చేలోకి పోతాయి. పక్క చేను వాడు ఇటు తోలతాడు."

నాకు ఆ జవాబు ఎంతో నచ్చింది. అదే పక్షులు మధ్య ఆసియాలో మిడతలను తిని పైరు కాపాడతాయని కారులో చెప్పాను. పాప చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఇంటికెళ్ళాక తన నోటుపుస్తకంలో ఒక పక్క గుంటూరు అని, ఒక పక్క మెల్‌బోర్న్ అని రాసి, గోరింకను రెండు పక్కలా బొమ్మ వేసింది.

మెల్‌బోర్న్ తిరిగి వచ్చాక మా చూరు కింద ఉన్న సందుల్ని వాళ్ళ నాన్నతో కలిసి మూయించింది, అక్కడ గోరింక గూడు పెట్టకుండా. పక్కింటి కుక్క గిన్నెలో తిండి బయట వదలవద్దని తనే వెళ్ళి చెప్పింది. గ్రెవిల్లియా మొక్క ఒకటి నాటింది, అక్కడి తేనె తాగే పిట్టల కోసం. గోరింకను మాత్రం రాయి విసిరి తోలదు. బడిలో ఎవరైనా దాన్ని తిడితే, అక్కడికి తెచ్చిందెవరో తేదీతో సహా చెప్తుంది.

ఫిబ్రవరిలో ప్రపంచమంతా పెరటి పక్షుల లెక్క రాస్తారు, పదిహేను నిమిషాలు కూర్చుని చూస్తే చాలు. మాకు శనివారం మధ్యాహ్నం పన్నెండున్నర, గుంటూరులో ఉదయం ఏడు. అమ్మ ఫోను గాబు గట్టు మీద పెట్టుకుని చెప్తుంది, పాప ఇక్కడ రాస్తుంది. గోరింకలు నాలుగు, పిగిలిపిట్టలు రెండు, చిలుకల గుంపు. ఇప్పుడు ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పక్షి రామచిలుకేనని, 2018లో మారిందని పాప చెబితే మా అమ్మ ఒప్పుకోలేదు. పాలపిట్టను ఎందుకు తీసేశారని ఇంకా వాదిస్తూనే ఉంది, పాప ఏమో అది కనిపిస్తేనే రాస్తానంటోంది.